ప్రామాణిక శ్రోత ఊ కొట్టిన కేసు

పాట వింటూ జనం ఎవరికి తోచినట్టు వాళ్ళు ఊగిపోతున్నారని ప్రభుత్వం చెవిన ఎవడు వేశాడో తెలీదు గానీ, వాడి నోట్లో పంచదార పొయ్యాలి. వాడి పుణ్యమా అనే రాష్ట్ర నాద వర్గీకరణ మండలి పుట్టింది. ఆ మండలికి మా జిల్లాలో ఓ శాఖ, శాఖకి ఓ అద్దె మేడ, మేడకి ఓ జాయింట్ డైరెక్టరు, ఆయన గదికి ఓ ఏసీ, అన్నీ వరసగా పుట్టుకొచ్చాయి. పాటలు మాత్రం అప్పటికే ఉన్నాయి. వాటినేం చెయ్యాలన్నదే మా పని.

రూలు సులువైనదే. ఇకమీదట ఏ పాటయినా వేదిక ఎక్కాలన్నా, ఆల్బమ్‌గా బయటికి రావాలన్నా దానికి వర్గ ధ్రువపత్రం ఉండాలి. శాస్త్రీయం, భక్తి, జానపదం, పాశ్చాత్యం, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అయితీరాలి. మొదట్లో 'ఇతరములు' అని అయిదోది కూడా ఉండేది. దరఖాస్తు పెట్టిన ప్రతివాడూ అందులోనే పెడుతున్నాడని దాన్ని ఎత్తేశారు.

మరి ఏ పాట ఏ వర్గమో తేల్చేదెలా? విన్నవాడి ఒంటిని బట్టి. "శ్రోత హస్తము తొడపై పడినచో శాస్త్రీయము, కన్నులు మూతపడినచో భక్తి, భుజములు కదలినచో జానపదము, శిరస్సు కదలినచో పాశ్చాత్యము" అని ఏడో నిబంధన. అంతకన్నా వివరంగా ఎవడు మాత్రం రాయగలడు?

చిక్కల్లా ఆ శ్రోతతోనే వచ్చింది. తొలి పరీక్షకి రోడ్డు మీద పోతున్న నలుగుర్ని పిలిచి కూర్చోబెట్టి ఓ పాట పెట్టారు. ఒకడి చెయ్యి కదిలింది, ఒకడి తల కదిలింది, ఒకావిడ లేచి వెళ్ళిపోయింది. ఇంకొకాయన భోజనం చేసి వచ్చాడేమో, ఏసీ చల్లగా తగిలేసరికి నిద్రపోయాడు. కళ్ళు మూతపడ్డాయి కదా అని ఆ పాటకి భక్తి కింద ధ్రువపత్రం ఇచ్చేశారు. అది బారులో పాడుకునే పాట. ఆ నెల్లోనే ఓ గుళ్ళో కల్యాణానికి పాడేశారు కూడా. పురోహితుడికి అనుమానం వచ్చిందట గానీ, చేతిలో సర్టిఫికెట్టు పెడితే ఏమంటాడు పాపం?

దాంతో మా జాయింట్ డైరెక్టరు దీర్ఘాశి శేషావతారం గారు సమావేశం పెట్టారు. ఆయన ఇంట్లో కాఫీ అడగాలన్నా గ్రాంథికంలోనే అడుగుతారని అంటారు. "తూకమునకు ప్రామాణిక రాయి గలదు. కొలతకు ప్రామాణిక బద్ద గలదు. వినికిడికి మాత్రము ప్రామాణిక శ్రోత లేకపోవుట శోచనీయము" అన్నారు. శోచనీయం అన్నాక ఇక తిరుగులేదు. వారం తిరక్కుండా పోస్టు మంజూరయింది.

ఆ పోస్టుకి ఎంపిక మా ఆఫీసులోనే జరిగింది. తాపీమేస్త్రి దగ్గర గుండుదారాలు తెచ్చి అందరి భుజాలకీ చెవులకీ వేలాడదీసి, పెళ్ళి బ్యాండు మేళాన్ని పిలిపించి హాల్లో వాయించమన్నారు. మా సూపరింటెండెంటు కామేశ్వరి గారి చెవి దగ్గర గుండు గడియారం లోలకంలా కొట్టుకుంది. టైపిస్టు దాలినాయుడైతే గుండుతో సహా లేచి గంతులేశాడు. పావుగంట అయ్యేసరికి హాల్లో కదలని గుండ్లు నాలుగే మిగిలాయి. నాలుగూ నావే.

నా పేరు కోరాడ గవరయ్య, అప్పటికి జూనియర్ అసిస్టెంటుని. నేను కదలకపోవడానికి గొప్ప కారణమేం లేదు. ఏడో తరగతిలో స్కూలు వార్షికోత్సవం నాడు డాన్సు చేస్తుంటే నిక్కరు బొత్తాం ఊడింది. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. ఆరోజు బిగుసుకున్న ఒళ్ళు మళ్ళీ వదల్లేదు. నా పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు చెమటలు కక్కుతూ వాయిస్తుంటే కరెంటు స్తంభంలా నిలబడ్డానని మా ఆవిడ మంగవేణి పదకొండేళ్ళుగా దెప్పుతూనే ఉంది. ఆవిడకి నవ్వొచ్చినా ఏడుపొచ్చినా దాచుకోవడం చేతకాదు. నాకా, బయటపెట్టడం చేతకాదు. సంసారం అలా సాగిపోతోంది.

అలా నేను ప్రామాణిక శ్రోతనయ్యాను. స్టాకు రిజిస్టరులో నన్ను బీరువాకీ గోడగడియారానికీ మధ్య ఎక్కించారు. నంబరు వేసిన చిన్న రేకుబిళ్ళ ఇచ్చి జేబుకి తగిలించుకోమన్నారు. నా కుర్చీ వెనకాల బోర్డు పెట్టారు: 'ప్రామాణిక శ్రోత. ముట్టుకొనరాదు, నవ్వించరాదు.'

ఎనిమిది నెలల్లో రెండువందల పన్నెండు దరఖాస్తులు విన్నాను. ఒక్కదానికీ కదల్లేదు. కదలకపోతే వర్గం తేలదు, తేలకపోతే 'నిర్ణయింపబడలేదు, మరల దరఖాస్తు చేసుకొనవచ్చును' అని ఫైలు తిప్పి పంపేవాళ్ళం. పాటలేవీ బయటికి పోలేదు గనక తప్పుడు సర్టిఫికెట్టు అన్న ఫిర్యాదూ రాలేదు. తప్పులు చెయ్యని శాఖ అని పై నుంచి మా వాళ్ళకి అవార్డొచ్చింది. శేషావతారం గారు నా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. అందులో నేను బాగానే పడ్డాను, ఎటూ కదలను కదా.

అలాంటి రోజుల్లో బోనెల పైడిరాజు వచ్చాడు.

ముప్పై ఏళ్ళుంటాయి. జుట్టు వెనక్కి ముడేసుకుని, వీపున గిటార్ తగిలించుకుని ఉన్నాడు. విశాఖలో రాక్ బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడట. వాళ్ళ మేనత్త నూకాలమ్మ జముకుల కథ చెబుతుంది. జముకు అంటే డోలులాంటి బోలు కొయ్య. ఒక పక్క చర్మం, ఆ చర్మం మధ్యలోంచి ఓ తీగ. చంకలో ఇరికించుకుని ఆ తీగ లాగి మీటుతారు. మేనల్లుడి గిటారూ మేనత్త జముకూ కలిపి ఇద్దరూ ఓ ఆల్బమ్ చేశారు. దాని పేరు 'గట్టుమీద గిటార్'.

"ఈ ఆల్బము జానపదమా, పాశ్చాత్యమా?" అన్నారు శేషావతారం గారు కళ్ళజోడు సవరించుకుంటూ.

"రెండూనండీ" అన్నాడు పైడిరాజు.

"రెండూ అను వర్గము లేదు."

"పోనీ సగం సగం రాసుకోండి సార్."

"సగము అను వర్గము కూడా లేదు. తమరు ఒక పని చేయుడు. జముకు వాదనము ఒక సీడీలోను, గిటారు వాదనము వేరొక సీడీలోను ముద్రించి, రెండు దరఖాస్తులు దాఖలు పరచుడు. రెండు సీడీలను ఏకకాలమున వినదలచిన వారు తమ సొంత పూచీపై విందురు."

అసలు ఈ రోజుల్లో సీడీలెవడు అమ్ముతున్నాడు? అయినా పైడిరాజు పాపం విశాఖంతా గాలించి, మూడేసి ప్రతులు చొప్పున తెచ్చి ఇచ్చాడు. అందులో జముకు సీడీ వింటే మధ్యమధ్యలో అయిదేసి నిమిషాలు నిశ్శబ్దం. గిటార్ సీడీ వింటే పాట లేదు. "ఈ నిశ్శబ్దము ఏ వర్గము?" అని జాయింట్ డైరెక్టరు గారు కొర్రీ వేశారు. రెండూ కలిపి ఇస్తే తప్ప తేలదని మళ్ళీ ఆయనే అన్నారు. అక్కడికి పద్దెనిమిది రోజులు గడిచాయి.

నేరుగా విని తేలుద్దామని ఇద్దర్నీ ఆఫీసుకి రమ్మన్నారు. అప్పుడు చూశాను నూకాలమ్మని. అరవై దగ్గర్లో ఉంటుంది, బక్క మనిషి, ముక్కుకి అడ్డబాస. ఏసీ గదిలోకి రాగానే కొంగు నిండా కప్పుకుని, "ఓలమ్మ, ఇదేటి బాబూ, మాఘమాసం ఇక్కడే కూకుందేటి?" అంది.

శేషావతారం గారు జముకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చర్మము గలదు. తంత్రి కూడా గలదు. ఇది చర్మవాద్యమా, తంత్రీవాద్యమా? వాద్యమే సంకరముగా నున్నదే!"

"మా జముకు పుట్టడమే అలగ పుట్టింది బాబుగారూ. మా తాతల్ని అడగాలి మీరు. ఆళ్ళేమో దరకాస్తు పెట్టకండానే సచ్చిపోనారు" అంది నూకాలమ్మ.

కామేశ్వరి గారు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. నా ఉద్యోగమే అది.

పరీక్షకి ముందు కామేశ్వరి గారు నిబంధన పదకొండు చదివి వినిపించారు. ధ్రువపత్రం రాని పాటలో పాలుపంచుకున్న కళాకారుల గుర్తింపు కార్డు రద్దవుతుంది. కార్డు లేనివాళ్ళు ఏ వేదికా ఎక్కడానికి వీల్లేదు. అప్పుడు నూకాలమ్మ రవికలోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కార్డు తీసి రెండు చేతులా పట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో నీలమ్మ తల్లి సంబరంలో, అంటే జాతరలో, ముప్పై రెండేళ్ళుగా కథ చెబుతున్నది ఆవిడే. సంబరం ఇంకో పాతిక రోజుల్లో ఉంది. "ఇది పోతే అమ్మోరి ముందర నానేటి సేతాను నాయినా? కింద కూకుని ఆళ్ళూ ఈళ్ళూ పాడితే సూడాలా?" అంది. అది నావైపు చూసి అంది. మిగతావాళ్ళ కుర్చీల వెనక బోర్డుల్లేవు గనక నేనే పెద్ద ఆఫీసర్ననుకున్నట్టుంది.

నేను కదలనని నాకు తెలుసు. నేను కదలకపోతే ఆ కార్డు పోతుందని కూడా తెలుసు. అయినా బిగుసుకున్న ఒంటిని ఏం చెయ్యమంటారు? దాలినాయుడు నా భుజాలకీ చెవులకీ గుండ్లు కట్టాడు. నేను గోడ మీది క్యాలెండరుకేసి చూస్తూ కూర్చున్నాను.

నూకాలమ్మ జముకు మీటింది. పైడిరాజు గిటార్ అందుకున్నాడు. ఆవిడ ఒక్క చరణం పాడి ఆగిపోయింది.

ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలయ్యాయి.

"ఏమి, ఆగితిరేమి?" అన్నారు శేషావతారం గారు.

"ఊ కొట్టలేదు కదా బాబుగారూ" అంది నూకాలమ్మ. "కత సెప్పినప్పుడు వింటన్నోడు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే ముందుకి ఎలగెల్తాను? గోడకి సెప్పుకున్నట్టుంటాది. మా గురువు ఒట్టెట్టించుకున్నాడు, ఊ లేని సోట నోరు మెదపొద్దని."

"శ్రోత నోరు విప్పరాదు. నిబంధన తొమ్మిది."

"అయితే నానూ ఇప్పను."

అంతే, జముకు పక్కన పెట్టి తమలపాకుల సంచి తీసింది. పైడిరాజు బతిమాలాడు, "అత్తా, ఒక్కసారికి పాడీ అత్తా" అన్నాడు. "నువ్వు ఆ కరెంటు వాయించుకో, నాకడ్డు లేదు. నా కతకి మాత్రం ఊ కావాల" అంది. పరీక్ష మొదలై ఆగింది గనక 'నిర్ణయింపబడలేదు' అని రాయడానికీ లేదు. ఫైలు గాల్లో వేలాడింది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. మా రూళ్ళ పుస్తకం ఆఖరి పేజీలో ఓ నిబంధన ఉంది. దరఖాస్తు పెట్టిన నలభై అయిదు రోజుల్లో ఏ సంగతీ తేల్చకపోతే, ఆ పాట ఆమోదం పొందినట్టే. ఇన్నాళ్ళూ ఎవరికీ దాని అవసరం పడలేదు, నలభై అయిదు రోజుల లోపే అన్నిటినీ తిప్పి పంపేవాళ్ళం. ఇప్పుడు లెక్కేస్తే నలభై అయిదో రోజు సరిగ్గా నీలమ్మ తల్లి సంబరం మర్నాడు పడింది. శేషావతారం గారి ముఖం తెల్లబోయింది. ఓ పాట దానంతటదే బయటికి పోతే శాఖ పరువేం కావాలి?

రాజధానికి అత్యవసర లేఖ వెళ్ళింది: "ప్రామాణిక శ్రోత ఊ కొట్టవచ్చునా? కొట్టినచో ఆ ఊ ఏ వర్గము కిందకు వచ్చును?" అక్కడ దాని మీద నిపుణుల సంఘం వేశారు. ఊ కొట్టేటప్పుడు తల కదులుతుందని ఒక వర్గమూ, కదలదని ఒక వర్గమూ రెండు రోజులు కొట్టుకున్నాయట. చివరికి జవాబు వచ్చింది: "ఊ కొట్టుటకు అనుమతించడమైనది. అయితే సదరు ఊ యందు ఆసక్తి, ఆశ్చర్యము, సంతోషము మున్నగు భావములు ఉండరాదు. మరియు శ్రోత సహజ వాతావరణమున వినవలెను గనుక పరీక్షను సదరు సంబరమునందే, కార్యాలయ వేళలలో జరుపవలెను."

భావం లేని ఊ కోసం నాకు ఇంటి దగ్గర సాధన చెయ్యమని ఆర్డరిచ్చారు. సాయంత్రం వరండాలో కూర్చుని మొదలెట్టాను. ఊ. ఊ. ఊ. మంగవేణి వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏంటండీ అది?"

"ఆఫీసు పని. ఆసక్తి, ఆశ్చర్యం, సంతోషం ఏవీ లేకుండా ఊ కొట్టాలి. ఎలా వస్తుందో ఏమో, కష్టంగా ఉంది."

ఆవిడ గరిటెతో సహా వరండాలోకి వచ్చింది. "దానికి సాధనెందుకండీ? పప్పు ఎలా ఉందంటే మీరు కొట్టే ఊ అదేగా. మా చెల్లికి సంబంధం కుదిరిందంటే కొట్టిందీ అదే. నాకు జ్వరం తగ్గిందంటే కొట్టిందీ అదే. పదకొండేళ్ళు కంచి వరదరాజస్వామికి చెప్పుకున్నట్టు చెప్పుకుంటూనే ఉన్నాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

అలవాటు కొద్దీ "ఊ" అన్నాను. చక్కగా వచ్చింది. సాధన పూర్తయినట్టు ఆఫీసుకి రిపోర్టు రాసిచ్చాను గానీ, రాత్రి అన్నం మాత్రం సయించలేదు.

సంబరం రోజు రానే వచ్చింది. ఊళ్ళో ఎక్కడ చూసినా జీళ్ళ కొట్లు, రంగులరాట్నం, పిల్లల బూరాలు. అమ్మవారి పందిరి ఎదుట వేదిక కట్టారు. ఆఫీసు వేళలు దాటకూడదని సాయంత్రం నాలుగింటికే ముహూర్తం. ఎండ మండిపోతున్నా జనం మూడింటినుంచే చేరారు. కథ కోసం కొందరొస్తే, ఎవడో గవర్నమెంటు మనిషికి గుండ్లు కట్టి కూర్చోబెడతారటని చూడ్డానికి మిగతావాళ్ళంతా వచ్చారు. ముందు వరసలో మంగవేణి కూడా ఉంది. వద్దన్నా వినలేదు. "మీరు కొలువులో ఎలా ఉంటారో చూడొద్దూ?" అంది.

వేదిక మీద నా కుర్చీ, వెనకాల బోర్డు. ఎడం పక్క నా తలని కనిపెట్టడానికి కామేశ్వరి గారు, కుడి పక్క భుజాల్ని కనిపెట్టడానికి దాలినాయుడు. ఇద్దరి చేతుల్లోనూ కోణమానినులు, నోటుపుస్తకాలు. శేషావతారం గారు ఓ పక్కగా కుర్చీ వేయించుకుని, మైకు తీసుకుని జనానికి సూచనలిచ్చారు.

"ప్రజలారా! తల కదలించదలచిన వారు కుడివైపునకును, భుజములు కదలించదలచిన వారు ఎడమవైపునకును విడివిడిగా ఆసీనులు కావలెను. రెండును కదలించువారు ప్రాంగణమును ఖాళీ చేయవలెను."

వెనకనుంచి ఎవరో, "బాబూ, నడుం కదిపీవోళ్ళు ఎటెల్లాల?" అని అరిచారు. దానికి నిబంధన లేదు. ఆయన మైకు కింద పెట్టేశారు.

నూకాలమ్మ అమ్మవారికి దండం పెట్టుకుని, కార్డుని జముకుకి తాకించి కళ్ళకద్దుకుంది. ఇదే ఆఖరనుకుందేమో. పైడిరాజు గిటార్ వైరు బిగించాడు, విశాఖ నుంచి తెచ్చుకున్న డ్రమ్ములవాడు వెనకాల సర్దుకున్నాడు. కథ మొదలైంది. పొలం దున్నుతున్న మొగుడికి గంజి పట్టుకెళ్తున్న గౌరమ్మ కథ.

*గట్టు జారు సూడవే గౌరమ్మా,*
*గంజికుండ బద్రమే గౌరమ్మా!*

జముకు జుమ్మంది. గిటార్ దాని వెనకాలే గట్టు మీద జారుతూ లేస్తూ నడిచింది. ఆవిడ ఆగి నాకేసి చూసింది.

"ఊ" అన్నాను. భావం లేదు. శేషావతారం గారు తృప్తిగా తలూపబోయి, గుర్తొచ్చి ఆపుకున్నారు.

ఇంకో చరణం. ఇంకో "ఊ". మూడోసారి నేను "ఊ" అనగానే నూకాలమ్మ జముకు ఆపేసింది. నా కుర్చీ దగ్గరకొచ్చి, వంగి నా మొహంలోకి చూసింది.

"బాబూ, ఇది సచ్చిపోయిన ఊ. వింటన్నోడి ఊ కాదు" అంది. కోపంగా అన్లేదు. జాలిగా అంది. "నువ్వు ఇనకపోతే పోనీలే. నా కార్డు పోతే పోనాది. ఈ ఒక్కపాలి కత మట్టుకు సెప్పీసి దిగిపోతాను. నువ్వు ఊ అనకు. నోరు మెదపకండా ఇను."

వెనక్కెళ్ళి మళ్ళీ మొదలెట్టింది. గౌరమ్మ గట్టు దిగింది. పైన కొండల్లో వాన పడి ఏరు పొంగింది. పైడిరాజు గిటార్‌లో ఏరు పొంగడం మొదలైంది, డ్రమ్ములు దడదడమని రాళ్ళు దొర్లించాయి. అవతలి ఒడ్డున మొగుడు, కడుపు కాలిపోతూ. ఇవతలి ఒడ్డున గౌరమ్మ, నెత్తిన గంజికుండ. ఏట్లో దిగేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నడుం దాకా వచ్చాయి. "గౌరమ్మా! గంజి!" అని మొగుడి కేక.

*ఏరు పొంగి వచ్చె గౌరమ్మా,*
*ఏ దారినెల్తావె గౌరమ్మా!*

అక్కడ ఆపేసింది. జముకు ఆగింది, గిటార్ ఒక్క తీగ మీద సన్నగా మోగుతూ నిలబడిపోయింది. నూకాలమ్మ కావాలనే జనంకేసి తిరిగి, తీరుబడిగా కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అయ్యబాబోయ్, అక్కడ ఆపుతారుటండీ ఎవరైనా? పీకల్లోతు నీళ్ళలో ఆడమనిషిని నిలబెట్టి మొహం తుడుచుకోవడమేమిటి? నా చెవులు మండిపోయాయి. క్యాలెండరు కోసం వెతికాను, అక్కడ క్యాలెండరు లేదు. ఎదురుగా మంగవేణి ఉంది. ఆవిడ నన్ను చూడటం లేదు, నోరు కొంచెం తెరుచుకుని కథలోని ఏటికేసి చూస్తోంది.

"ఊఁ!" అన్నాను. నాకే తెలీకుండా కుర్చీలోంచి లేచిపోయాను. "ఊఁ, ఊఁ! తరవాతేటయ్యింది? దాటిందా అప్పా, దాటిందా?"

చిన్నప్పటి మా ఊరి యాస ఎక్కణ్ణుంచి ఊడిపడిందో. నూకాలమ్మ గిర్రున తిరిగింది. ముక్కున అడ్డబాస తళుక్కుమంది.

"దాటడమేటి బాబూ!" అంటూ జముకు తీగ బలంగా లాగింది. "నాకు మాత్తరం ఆకలెయ్యదేటని గౌరమ్మ ఒడ్డుకెక్కి కూకుని, కుండ దించి, ఉల్లిపాయ నంజుకుని గంజంతా తనే తాగీసింది! మొగుడు అవతలొడ్డుని సూస్తా ఉన్నాడు!"

గిటార్ ఒక్కసారి ఎగిరి గంతేసింది. డ్రమ్ములు, జముకు, నూకాలమ్మ, పైడిరాజు, జనం, అందరూ ఒకేసారి అందుకున్నారు. మంగవేణి పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నా భుజాలు ఎగిరాయి, తల ఊగింది, కాళ్ళు వాటి పని అవి చూసుకున్నాయి. చెవికి కట్టిన గుండు వెళ్ళి దాలినాయుడి నుదుటి మీద ఠంగుమంది. వాడు నోటుపుస్తకం పారేసి నా వెనకాల చేరాడు. కామేశ్వరి గారు కోణమానినితో తాళం వేస్తున్నారు. కుడివైపు జనం ఎడమకి, ఎడమవైపు జనం కుడికి కలిసిపోయారు. శేషావతారం గారు మాత్రం కుర్చీలోనే ఉన్నారు. కాకపోతే కుర్చీ వేదిక చివరికంటా ప్రయాణం చేసింది. ఆయన ఎడమకాలి బూటు జీళ్ళ కొట్టులో దొరికింది.

నాకు గుర్తున్నది ఒక్కటే. నిక్కరు బొత్తాం సంగతి ఆ కాసేపూ గుర్తు రాలేదు. జనం నవ్వారు, నన్ను చూసే నవ్వారు. ప్రాణానికి హాయిగా ఉంది.

మర్నాడు ఆఫీసులో నివేదిక తయారైంది: "శ్రోత యొక్క శిరస్సు, భుజములు, నడుము, పాదములు ఏకకాలమున కదలినవి. ఇట్లు ఏ పాటకును జరుగదు గనుక దోషము పాటయందు కాక శ్రోతయందే యున్నదని తేలినది. శ్రోత పాడైనాడు." జాయింట్ డైరెక్టరు గారి కదలిక గురించి వాకబు చేస్తే, "కదలినది నేను కాదు, కుర్చీ" అని రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకున్నారు. కుర్చీని మరమ్మతుకు పంపారు.

పాడైన శ్రోతతో చేసిన పరీక్ష చెల్లదు. కొత్త శ్రోత కావాలంటే టెండరు పిలవాలి. ఈ రాతకోతలు పూర్తయ్యేసరికి సాయంత్రం అయిదయింది, నలభై అయిదో రోజు అయిపోయింది. 'గట్టుమీద గిటార్' దానంతటదే ఆమోదం పొందింది. ఏ వర్గం అన్నచోట ఏమీ రాయడానికి తోచక దాలినాయుడు ఓ గీత గీసి వదిలేశాడు. నూకాలమ్మ ఆ కాగితాన్ని కార్డుతో పాటు ప్లాస్టిక్‌లో చుట్టి రవికలో దోపుకుని, "ఈ గీత బాగుంది బాబూ, ఎటైనా ఎల్లొచ్చు" అంది.

ఇక నా సంగతి. రిజిస్టరులో ఎక్కిన వస్తువు పాడైతే కండెమ్ చేసి వేలం వెయ్యాలి, అది రూలు. రెండు సీలింగు ఫ్యాన్లు, కాలు విరిగిన స్టూలు, వాటి తరవాత నేను. నన్ను ఆవరణలో నిలబెట్టారు. శేషావతారం గారు పాత బూట్లతో వచ్చి ప్రకటించారు: "ప్రామాణిక శ్రోత, ఒకటి. ఉన్నది ఉన్నట్లుగా. మరమ్మతు బాధ్యత ప్రభుత్వమునకు లేదు."

ఎవరూ పాడలేదు. నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి. అప్పుడు గేటు దగ్గర్నుంచి మంగవేణి వచ్చింది.

"నాకిచ్చెయ్యండి" అంది.

"అమ్మా, వస్తువు పాడైనది. ఆలోచించుకొనుడు" అన్నారాయన.

"పాడైనప్పుడు పదకొండేళ్ళు వాడుకున్నానండీ. ఇప్పుడే కదా బాగుపడ్డారు" అంది.

ఆయన దానికి నిబంధన వెతుక్కుంటూ ఉండిపోయారు. నేను జేబు మీది రేకుబిళ్ళ విప్పి స్టూలు మీద పెట్టేశాను. బయట పైడిరాజు కాచుకుని ఉన్నాడు, వచ్చే ఆదివారం పక్కూళ్ళో కథ ఉందనీ, ఊ కొట్టడానికి నేనే రావాలని అత్త పట్టుబట్టిందనీ చెప్పాడు. వస్తానన్నాను.

ఇంటికి నడుస్తుంటే మంగవేణి మాటల్లో పడింది. పక్కింటి వాళ్ళ పిల్ల సైకిలు నేర్చుకుంటూ పాలవాడి మీద పడిందట.

"ఊఁ" అన్నాను. "తరవాతేటయ్యింది?"

ఆవిడ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, కళ్ళు తుడుచుకుని, మొత్తం మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలెట్టింది.